సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ వెళ్తున్నాం: లువార్ నది ఒడ్డు కోటలు, పల్లెటూళ్లు కారు లేకుండా చూడటం ఎలా?

కంటోన్మెంట్ మాస్టారు (విజయనగరం):

అందరికీ నమస్కారం. నేను సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఫ్రాన్స్‌లో తూర్ అనే ఊళ్లో రీసెర్చి చేస్తోంది. సెప్టెంబర్ నెలంతా తన దగ్గర ఉండేలా నేనూ మా ఇంటావిడా బయల్దేరుతున్నాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా తనకి ల్యాబ్ ఉంటుంది, మేమిద్దరం పగలంతా ఖాళీయే. అంత దూరం వెళ్లి కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చోవడం నాకిష్టం లేదు.

తూర్ చుట్టుపక్కలంతా కోటలేనని అమ్మాయి చెబుతోంది. నాకు కోటల మీద ఆసక్తి ఎందుకంటే, సర్వీసంతా పిల్లలకి బొబ్బిలి యుద్ధం పాఠం చెప్పాను. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి మట్టికోట కూలిపోయింది. ఇప్పుడు అక్కడికి వెళ్తే స్మారక స్తంభం చూసి రావడమే. మా ఊరి కోట 1713లో కట్టింది, రాతి గోడలు గనుక నిలిచింది. లోపల కాలేజీలు నడుస్తున్నాయి, పొద్దున్నే గోడ పక్కన వాకింగ్ చేసేవాళ్లలో నేనూ ఒకణ్ని. మన దగ్గరికి ఆ ఫిరంగులు తెచ్చినవాళ్ల సొంత దేశంలో కోటలు ఎలా ఉండేవి, యుద్ధాలు పోయాక వాటిని ఏం చేసుకున్నారు? ఇది నా కళ్లతో చూడాలి.

మా ఆవిడది గరివిడి పక్కన పల్లె, వ్యవసాయ కుటుంబం. 'కోటలు మీరు చూసుకోండి, నాకు పొలాలు, సంతలు చూపిస్తే చాలు' అంటోంది. తనకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. ఇద్దరం శాకాహారులం. కారు లేదు. ఇద్దరి కోరికా తీరేలా దారి ఏమైనా ఉందా?

పలాస కుర్రాడు:

మాస్టారూ, నేను పారిస్‌లో ఉంటున్నాను. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు టూర్ బస్సు బుక్ చేశాను. పొద్దున ఎక్కితే రాత్రికల్లా మూడు కోటలు చూపించి దింపేస్తారు. మీరు తూర్‌లోనే ఉంటారు కాబట్టి అక్కడి టూరిస్ట్ ఆఫీసు దగ్గర చిన్న వ్యాన్లు కూడా దొరుకుతాయి. ఏ టెన్షనూ ఉండదు.

నాగావళి గట్టు:

మాస్టారూ, నమస్కారమండి. మాది శ్రీకాకుళం, గుజరాతీపేట. మావారి ఉద్యోగం వల్ల బ్లువాలో కొన్నేళ్లు ఉన్నాం. బ్లువా అంటే మీ తూర్‌కి ఎగువన, అదే లువార్ నది ఒడ్డున ఉన్న ఊరు.

పైన తమ్ముడు చెప్పిన పద్ధతి ఒక్కరోజే ఉన్నవాళ్లకి సరే. నెలంతా ఉండే మీకు మాత్రం వద్దే వద్దు. రోజుకి ఒక్క కోట, మిగతా పూటంతా ఆ ఊరికీ ఆ నదికీ ఇవ్వండి. మూడు కోటలు వరసగా చూస్తే సాయంత్రానికి ఏ మంచం ఏ రాణిదో కూడా గుర్తుండదు. మీ కోరికా అమ్మగారి కోరికా రెండూ వేరనుకుంటున్నారు గానీ, అక్కడికి వెళ్లాక వేరుగా ఉండవు. కోట ఏ రాయితో కట్టారో, ఏ నీటి పక్కన కట్టారో, ఎవరి పంట తిని నిలిచిందో బయట తిరిగితేనే తెలుస్తుంది.

ముందు షెనోన్సోకి వెళ్లండి. తూర్ నుంచి చిన్న రైలు, అరగంట. స్టేషన్ దిగితే కోట గేటు నడకదూరమే, నేలంతా చదును. షేర్ అనే ఉపనది మీద పాత మర మిల్లు ఉన్న చోట 1513 తర్వాత ఆ మేడ కట్టారు. తర్వాత రెండో హెన్రీ రాజు దాన్ని తన ప్రియురాలు డయాన్‌కి ఇచ్చాడు. ఆవిడ నదికి అడ్డంగా వంతెన వేయించింది. 1559లో రాజు పోగానే భార్య కేథరీన్ డి మెడిచి ఆవిడ చేత ఆ మేడ ఖాళీ చేయించి, వంతెన మీద 60 మీటర్ల పొడవున హాలు కట్టించింది. మా నాన్నగారు గొట్టా బ్యారేజీ దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవారు. పై అంతస్తుల్లో మంచాలూ తెరలూ ఉన్నాయంటే ఆయనకి పట్టలేదు. కిందికి దిగి వంటింట్లోనే ఉండిపోయారు. ఎందుకంటే ఆ వంటిల్లు ఉన్నది నదిలోని స్తంభాల కడుపులో! కిటికీలోంచి చెయ్యి చాపితే నీళ్లు తగులుతాయేమో అన్నట్టుంటుంది. పడవల్లో వచ్చిన సరుకు నేరుగా లోపలికి దించుకోవడానికి రేవు కూడా ఉంది. ప్రవాహాన్ని చీల్చడానికి ఆ స్తంభాల ముందు భాగం కోసుగా కట్టారని వేలు పెట్టి చూపించి, 'మనమూ ఇలాగే పెడతామే' అన్నారు.

అక్కడ మీకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది మాస్టారూ. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ హాల్లో వరసగా మంచాలు వేసి గాయపడ్డ సైనికులకి ఆసుపత్రి నడిపారు. రెండో యుద్ధం వచ్చేసరికి 1940లో ఆ నదే సరిహద్దు అయింది. ముందు తలుపు జర్మన్ల చేతిలో ఉన్న భూమిలోకి, హాలు చివరి తలుపు జర్మన్లు ఆక్రమించని అవతలి ఫ్రాన్స్‌లోకి తెరుచుకునేవి. ఆ చివరి తలుపు తీసి ఉంటే తప్పకుండా అవతలి ఒడ్డుకి వెళ్లండి. చెట్ల కిందనుంచి చూస్తే కోట మొత్తం నీళ్లలో కనిపిస్తుంది, జనం కూడా తక్కువ.

అమ్మగారికి విల్లాండ్రి. ఇది తూర్ నుంచి 15 కిలోమీటర్లే గానీ రైలు లేదు. వేసవి సీజన్లో బస్సు తిరుగుతుంది, లేకపోతే టూరిస్ట్ ఆఫీసు వ్యాన్ ఎక్కండి, ఈ ఒక్కదానికీ వ్యాన్ ఖర్చు దండగ కాదు. 1906లో కార్వాల్లో అనే స్పెయిన్ దేశపు డాక్టరు దాన్ని కొని, పాత కాలపు తోటలన్నీ మళ్లీ వేయించాడు. అక్కడ పూలతోటల కంటే కూరగాయల తోటే గొప్ప. తొమ్మిది చదరాలు, ఒక్కోదానిలో ఒక్కో రకం ముగ్గు. గీతలన్నీ అడుగెత్తు పచ్చటి పొదలు, మధ్య గళ్లలో క్యాబేజీ, బీట్‌రూట్, నీలిరంగు ఆకుల ఉల్లిజాతి మొక్కలు, సెప్టెంబరైతే గుమ్మడికాయలు. ఏడాదికి రెండుసార్లు నాటుతారు, ఏ మడిలో ఏం వెయ్యాలో రంగునిబట్టీ నేల సారాన్నిబట్టీ మారుస్తారు. మా అమ్మ ఒక మడి పక్కన వంగి బీట్‌రూట్ ఆకు వెనక్కి తిప్పి చూసింది, పురుగు ఉందా అని. తోటమాలి దూరం నుంచి చూసి దగ్గరికి వచ్చాడు. ఆవిడకి ఫ్రెంచి రాదు, అతనికి తెలుగు రాదు. ఇద్దరూ ఆకు పట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆ ప్రాంతపు కోటలన్నీ తెల్లగా ఉంటాయి. ఆ రాయి పేరు తుఫో, ఒక రకం సున్నపురాయి. కొండలోంచి అప్పుడే తీసినప్పుడు రంపంతో కోయొచ్చు, గాలి తగిలాక గట్టిపడుతుంది. రాయి తీసిన చోట మిగిలిన గుహల్లో కొన్నిట్లో మనుషులు ఇళ్లు చేసుకున్నారు, కొన్నిట్లో వైన్ దాస్తారు, కొన్నిట్లో పుట్టగొడుగులు పెంచుతారు. గోడని అరచేత్తో రుద్దితే పిండిలా అంటుకుంటుంది. కోట చూసిన మర్నాడు ఒక గుహ చూడండి, రాజు మేడా రైతు ఇల్లూ ఒకే కొండలోంచి వచ్చాయని అక్కడ అర్థమవుతుంది.

తిండి సంగతి. హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానే భోజనం, తర్వాత రాత్రి ఏడు దాకా వంట ఉండదు. 'సాన్ వియాండ్, సాన్ ప్వాసోన్' అనండి, మాంసం, చేప వద్దని. గుహ హోటళ్లలో కట్టెల పొయ్యి మీద ఫువే అనే చిన్న పొంగు రొట్టెలు వేడివేడిగా చేసి ఇస్తారు. మధ్యలో వెన్న, మేక చీజ్, తెల్ల చిక్కుళ్లు పెడతారు. చిక్కుళ్లలో పంది కొవ్వు వేశారేమో అడిగి తినండి. ఆ జిల్లాది సెంత్ మోర్ అనే మేక చీజ్ ఉంది. పొడుగ్గా, బూడిద పూసి ఉంటుంది, మధ్యలో ఒక గడ్డి పుల్ల. ఆ పుల్ల మీద తయారుచేసినవాళ్ల నంబరు చెక్కి ఉంటుంది. కాకపోతే అక్కడి సంప్రదాయ చీజుల్లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. మీ నియమం గట్టిదైతే వాటి జోలికి పోవద్దు.

ఆదివారం అంబువాజ్‌లో నది ఒడ్డున పెద్ద సంత. పొద్దున్నే రైలెక్కితే ఇరవై నిమిషాలు. సంత అయ్యాక పైన కోట. ఎనిమిదో చార్లెస్ రాజు ఇటలీ మీదికి యుద్ధానికి వెళ్లి, అక్కడి పనివాళ్లని వెంటబెట్టుకొచ్చింది ఈ ఊరికే. 1498లో ఇక్కడే తక్కువ ఎత్తు ద్వారబంధానికి తల కొట్టుకుని చనిపోయాడు. లియొనార్డో డావిన్చి చివరి మూడేళ్లూ ఈ ఊళ్లోనే గడిపి 1519లో కన్నుమూశాడు, సమాధి కోటలోని చిన్న గుళ్లో ఉంది.

తోటపాలెం:

మాస్టారూ, కోటల కంటే ముందు వీసా కాగితాలు. మీరు అమ్మాయి ఇంట్లో ఉంటారు కాబట్టి తను అక్కడి మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి అతిథులుగా ఉంచుకుంటున్నట్టు ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి తన రెసిడెన్సు కార్డు, ఇంటి అద్దె అగ్రిమెంటు అడుగుతారు. ఒరిజినల్ మీ చేతికి పోస్టులో రావాలి, అందుకే ఇప్పుడే మొదలుపెట్టమనండి. ట్రావెల్ ఇన్సూరెన్సు 30,000 యూరోలకి తగ్గకూడదు. ఇంకోమాట, నెయ్యి, పాలకోవా లాంటివి లగేజీలో పెట్టొద్దు. పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. కరివేపాకు కూడా అంతే. ఆవకాయ, పొడులు పర్వాలేదు.

కంటోన్మెంట్ మాస్టారు:

అందరికీ చాలా థ్యాంక్స్. నాగావళి గట్టు అమ్మా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. బీట్‌రూట్ ఆకు దగ్గర ఆపి మళ్లీ చదవమంది. విల్లాండ్రిలో విత్తనాలు అమ్ముతారా, తెచ్చుకోవచ్చా అని అడుగుతోంది.

నా అనుమానం ఒకటి. మీరు చెప్పినవన్నీ అందమైన మేడలు. ఫిరంగి దెబ్బ తినడానికి కట్టిన అసలు కోటలు అక్కడ లేవా? నేను చూడాలనుకున్నది అదే.

నాగావళి గట్టు:

విత్తనాల ప్యాకెట్లు అమ్ముతారు, తేవద్దని చెప్పండి. మన దేశంలోకి విత్తనాలు తేవాలంటే దిగుమతి పర్మిట్టు, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్టు ఉండాలి. ఎయిర్‌పోర్టులో గొడవ. ఫొటోలు తీసుకుని ముగ్గు నమూనా తెచ్చుకోమనండి, ఈ ఏడు సంక్రాంతికి వాకిట్లో వేయొచ్చు.

అసలు కోటలకి వస్తే లోష్, షినోన్. రెంటికీ తూర్ నుంచి రైలుంది. లోష్‌లో రాతి బురుజు 11వ శతాబ్దం మొదట్లోది, దాదాపు 36 మీటర్ల ఎత్తు. లోపల అంతస్తులు పోయాయి, నాలుగు గోడలే మిగిలాయి. తర్వాతి రోజుల్లో జైలు చేశారు. ఇటలీలోని మిలాన్‌ని ఏలిన డ్యూకు లుడోవికో స్ఫోర్జా అక్కడ ఖైదీగా ఉండి గది గోడల మీద బొమ్మలు వేసుకున్నాడు, ఇంకా కనిపిస్తాయి. మెట్లు ఎక్కువ, అమ్మగారిని కింద ఊళ్లో కూర్చోబెట్టి మీరొక్కరే ఎక్కండి. బుధవారం, శనివారం అక్కడ సంత కూడా ఉంటుంది. షినోన్ కోట కొండ మీద ఉన్నా ఊళ్లోంచి లిఫ్ట్ ఉంది. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ అనే పల్లెటూరి పిల్ల ఏడో చార్లెస్‌ని కలిసింది అక్కడే.

వేగావతి ఒడ్డు (బొబ్బిలి):

మాస్టారూ, బొబ్బిలి మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నాను. నేను సివిల్ ఇంజినీర్ని, పాత గోడలు నాకు ప్రాణం. మీ ప్రశ్నకి సూటి జవాబు ఆంజే కోటలో ఉంది. తూర్ నుంచి రైల్లో గంట. 13వ శతాబ్దంలో కట్టిన 17 బురుజులు, నల్లటి పలకరాయి మధ్య తెల్లరాతి పట్టీలు. ఆ బురుజులు ఒకప్పుడు ఇంకా ఎత్తుగా ఉండేవి. 16వ శతాబ్దం చివర్లో వాటి తలలు కొట్టేశారు. ఎత్తయిన గోడ బాణాలకి రక్షణే గానీ ఫిరంగికి మంచి గురి. అందుకే పొట్టి చేసి, పైన ఫిరంగులు పెట్టుకునేందుకు చదును చేశారు. బొబ్బిలి వాళ్లకి ఆ అవకాశం కానీ అంత వ్యవధి కానీ రాలేదు.

ఇక అందమైన మేడల సంగతి. ఇంగ్లండుతో నూరేళ్ల యుద్ధం 1453లో ముగిసింది. రాజుకి సొంత ఫిరంగి దళం వచ్చాక జమీందారు కోట గోడకి విలువ పోయింది. కాబట్టి కిటికీలు పెద్దవి చేసుకున్నారు, కందకాన్ని అద్దంలా వాడుకున్నారు. ఇంకా మిగిలిన కోటల్లో దేశం లోపలివాటి బురుజులు కూల్చమని 1626లో ఆజ్ఞ వచ్చింది, రిషెల్యూ మంత్రిగా ఉన్న కాలం. ఎదురుతిరిగే జమీందారుకి దాక్కునే చోటు ఉండకూడదని. తర్వాత 1789 విప్లవం. బ్లువా దగ్గరున్న షాంబోర్ కోట సామాను వేలం వేశారు. అంబువాజ్‌లో చాలా భాగం బాగుచేయించే డబ్బు లేక 19వ శతాబ్దం మొదట్లో కూల్చేశారు, మీరు చూసేది మిగిలిన కొంచెమే. వాళ్లూ అన్నీ కాపాడుకోలేదండి. 1830లలో ప్రభుత్వం స్మారకాల ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం పెట్టింది. 1840లో వెయ్యి కట్టడాలతో మొదటి జాబితా వేశారు. ఆ జాబితా వేసి, మరమ్మతులకి ఏటా డబ్బు పెట్టడం వల్లే ఇవాళ మిగిలినవి మిగిలాయి. మన బొబ్బిలికీ, మందస కోటకీ, మీ ఊరి గోడకీ కావలసింది అదేనని నా గట్టి నమ్మకం.

కారు కుదిరిన శనివారం ఉంటే గెడెలోన్ చూడండి. బర్గండీ అడవిలో 1997 నుంచి ఒక కోటని కొత్తగా కడుతున్నారు, 13వ శతాబ్దపు పనిముట్లతోనే. రాయి అక్కడి క్వారీదే, కలప అక్కడి అడవిదే. మనిషి లోపల నడుస్తూ తిప్పే పెద్ద చెక్క చక్రంతో రాళ్లు పైకి లాగుతారు. 2019లో కాలిపోయిన నోత్రదామ్ చర్చి పైకప్పు మళ్లీ కట్టినప్పుడు అక్కడ పని నేర్చిన వడ్రంగులు కూడా చెయ్యేశారు. తూర్ నుంచి దూరమే, రైలు బస్సు కుదరదు.

పలాస కుర్రాడు:

ఇంతమంది చెప్పారు గానీ షాంబోర్ గురించి ఎవరూ సరిగా రాయలేదు? అన్నిటికన్నా పెద్దది అదే కదా.

నాగావళి గట్టు:

నిజమే తమ్ముడూ, మా ఇంటి పక్కదే మర్చిపోతే ఎలా. 1519లో ఒకటో ఫ్రాన్సువా మొదలుపెట్టాడు. నాలుగు వందలకి పైగా గదులు, 282 పొగగూళ్లు. నట్టనడుమ రెండు మెట్లవరసలు ఒకదాన్నొకటి చుట్టుకుని పైకి వెళ్తాయి, ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు దిగుతున్నా ఎదురుపడరు. ఇంత కట్టించి ఆ రాజు అందులో ఉన్నది మొత్తం మీద రెండు మూడు నెలలేనట. అది వేట కోసం కట్టిన ఇల్లు. అందుకే నేను మాస్టారికి చెప్పేది, లోపల కంటే అడవికి ఎక్కువ సమయం ఇవ్వమని. చుట్టూ 5,440 హెక్టార్ల అడవి, దానికి 32 కిలోమీటర్ల ప్రహరీ. మీ విజయనగరం కోట లోపలి జాగా 26 ఎకరాలు, ఇది 13,000 ఎకరాల పైనే.

సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ మధ్య దాకా మగ దుప్పులు ఆడవాటి కోసం అరుస్తాయి. చీకటి పడే వేళ, తెల్లవారుజామున. గొంతు బొంగురుగా, లోతుగా, అడవి అడవంతా మోగుతుంది. జనం చూడటానికి మంచెలు కట్టారు, టికెట్ అక్కర్లేదు. మెట్లున్న మంచె ఎక్కకపోయినా రోడ్డు పక్కన నిలబడితే అమ్మగారికి వినిపిస్తుంది. బ్లువా స్టేషన్ నుంచి సీజన్లో బస్సు ఉంది, కానీ ఆఖరి బస్సు చీకటి పడకముందే వెళ్లిపోతుంది. కాబట్టి దుప్పుల కోసమైతే అమ్మాయి కారు అద్దెకి తీసుకున్న శనివారం పెట్టుకోండి.

ఇంకా ఒకటి. సెప్టెంబర్ మూడో శని ఆదివారాలు దేశమంతటా వారసత్వ దినాలు. మామూలుగా తలుపు తెరవని ప్రైవేటు మేడలు, పాత మిల్లులు, మున్సిపల్ భవనాలు జనానికి తెరుస్తారు, చాలాచోట్ల ఉచితం. ఆ రెండు రోజులూ పెద్ద కోటలకి వెళ్లకండి, తోపులాట. తూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఏవి తెరుస్తున్నారో అమ్మాయి చేత జాబితా తీయించి, ఇంటివాళ్లే దగ్గరుండి చూపించే చిన్న మేడ ఒకటి ఎంచుకోండి.

కంటోన్మెంట్ మాస్టారు:

మూడో శనివారం పల్లె మేడ, నాలుగో శనివారం దుప్పులు అని అమ్మాయికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. ఆంజే నేనొక్కణ్నే వెళ్తాను, ఆ రోజు మా ఆవిడ ఇంట్లో ఉంటుందట. కారు ఆటోమేటిక్ దొరుకుతుందా అని అమ్మాయి అడిగింది, తనకి గేర్ల బండి అలవాటు లేదు.

పలాస కుర్రాడు:

దొరుకుతుంది మాస్టారూ, కానీ అక్కడ గేర్ల బళ్లే ఎక్కువ. ఆటోమేటిక్ కావాలంటే కనీసం నెల ముందే బుక్ చేయమనండి, స్టేషన్ పక్క కౌంటర్లో తీసుకుంటే తేలిక. ఆదివారం కౌంటర్లు మూసి ఉంటాయి, తాళాలు ఎలా తిరిగివ్వాలో ముందే అడిగి ఉంచుకోమనండి.